గాజుకి ఇవతల నేనూ మా మనవడూ

మా మనవడికి సముద్ర జీవులంటే ప్రాణం. నాకు ఫోటోలు తీయడమంటే ఇష్టం. వాడికి మాటలు సరిగ్గా రాని వయసు నుంచే ఇద్దరం కలిసి అక్వేరియాలకి వెళ్తున్నాం. ఇప్పుడు వాడికి ఏడేళ్లు. ఈలోగా నేను ఫోటో తీసే పద్ధతే మారిపోయింది. ఇదివరకు అందంగా కనిపించిన ప్రతిదాన్నీ తీసేదాన్ని. ఇప్పుడు ఆ జీవి ఏం చేస్తోందో అర్థం చేసుకుని, అది మళ్లీ ఆ పని చేసేదాకా ఆగి తీస్తున్నాను. ఆ మార్పు వాడు అడిగే ప్రశ్నల వల్ల వచ్చింది. ఒక చేత్తో పిల్లవాడి చెయ్యి, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని తిరిగే అమ్మమ్మలకీ తాతయ్యలకీ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు గాజు సంగతి, వెలుతురు సంగతి. ఈ రెండూ కుదరకపోతే ఎంత ఓపిక పట్టినా ఫోటో రాదు.

ఫ్లాష్ పూర్తిగా ఆపేయాలి. వేస్తే ఆ వెలుగు గాజుకి తగిలి తిరిగి లెన్సులోకే వస్తుంది, ఫోటోలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అంతకన్నా పెద్ద కారణం ఆ జీవులే. చాలా చేపలకి కనురెప్పలు ఉండవు. ఈ మాట చెప్పినప్పుడు మావాడు చాలాసేపు ఆలోచించి, "అంటే వెలుగు ఎక్కువైతే అవి కళ్లు మూసుకోలేవా అమ్మమ్మా?" అన్నాడు. మూసుకోలేవు నాన్నా అన్నాను. అప్పటి నుంచి ఏ ట్యాంక్ ముందు నిలబడ్డా "ఫ్లాష్ ఆపావా?" అని అడిగాకే నన్ను కెమెరా ఎత్తనిస్తాడు. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న లైటు కూడా ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని మర్చిపోతారు. మెనూలోకి వెళ్లి దాన్ని కూడా ఆపేసుకోవాలి.

తర్వాతది ప్రతిబింబాలు. మన వెనకున్న ఎగ్జిట్ బోర్డు, పక్కవాళ్ల ఫోన్ స్క్రీన్, మనం వేసుకున్న తెల్ల చొక్కా, అన్నీ వచ్చి చేప పొట్ట మీద కూర్చుంటాయి. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం మెత్తటి రబ్బరు లెన్స్ హుడ్, అంటే లెన్సు ముందు తొడిగే తొడుగు. దాన్ని గాజుకి ఆనిస్తే పక్క నుంచి వెలుతురు దూరే సందే ఉండదు. ఆ రోజుకి ఇద్దరం ముదురు రంగు బట్టలు వేసుకుంటాం. మెరుపులు తగ్గించడానికి లెన్సు ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ వాడమని కొందరు చెబుతారు. గాజుకి సూటిగా ఎదురుగా పెట్టి తీసేటప్పుడు అది ప్రతిబింబాన్ని పెద్దగా తగ్గించదు, పైగా అసలే తక్కువగా ఉన్న వెలుతురులో సగానికి పైగా తినేస్తుంది. నేను దాన్ని ఇంట్లోనే ఉంచేస్తాను.

హుడ్ ఆనించడమే కాదు, లెన్సు గాజుకి సూటిగా ఉండాలి. ఏటవాలుగా పెడితే చేప అంచుల వెంట ఎర్రటి, నీలపు గీతలు వస్తాయి, రూపం సాగిపోతుంది. ఇది ఎందుకో మావాడికి మాటల్లో చెబితే ఎక్కలేదు. ఇంట్లో వెడల్పాటి గాజు గిన్నెలో నీళ్లు పోసి, లోపల ఒక బొమ్మ నిలబెట్టి పక్క నుంచి చూపించాను. సూటిగా చూస్తే బొమ్మ ఉన్నదానికంటే దగ్గరకి వచ్చినట్టుంది. నీళ్లలో ఉన్నది దాదాపు పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది, కాంతి నీళ్ల నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగడమే దానికి కారణం. పక్కకి జరుగుతూ చూస్తే బొమ్మ చెదిరింది. వాడు ఆ గిన్నె చుట్టూ తిరిగీ తిరిగీ చూశాడు. ఇప్పుడు నేను కొంచెం వంగి పట్టుకున్నా "సూటిగా, సూటిగా" అంటాడు.

మనం గాజు అంటాం గానీ పెద్ద ట్యాంకుల కిటికీలు చాలావరకు అక్రిలిక్‌తో, అంటే గాజులా కనిపించే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినవే. జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో తిమింగల సొరచేపలు తిరిగే ట్యాంక్ కిటికీ 8.2 మీటర్ల ఎత్తు, 22.5 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల మందం. అంత నీటి బరువుని ఆపాలంటే అంత మందం కావాలి మరి. అక్రిలిక్ మీద గీతలు తొందరగా పడతాయి, అందుకే ఉంగరాలు, వాచీ, కెమెరా మెటల్ అంచులు దానికి తగలకుండా చూసుకోవాలి. పిల్లల వేలిముద్రలు, ముక్కు ముద్రలు ఎటూ ఉంటాయి. నా జేబులో ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. తుడిచే పని మనవడిది, ఆ పని వాడు చాలా శ్రద్ధగా చేస్తాడు.

ఫోన్‌తో తీసేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఫోన్ లెన్సు చిన్నది, గాజుకి పూర్తిగా అతుక్కుంటుంది, ప్రతిబింబం అసలు రాదు. కాకపోతే నైట్ మోడ్ ఆపుకోవాలి. అది ఎక్కువసేపు వెలుతురు పోగుచేస్తుంది, ఈలోగా చేప వెళ్లిపోతుంది. కావలసిన జీవి మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొంచెం తగ్గిస్తే రంగులు నిలుస్తాయి.

కెమెరా సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పను. నెమ్మదిగా తిరిగేవాటికి షట్టర్ సెకనులో 125వ వంతు, చురుగ్గా ఉండేవాటికి 250వ వంతు లేదా 500వ వంతు. ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, లెన్సు ఎంత తెరిస్తే అంత. వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయిని చెప్పే ఐఎస్‌ఓని 1600 నుంచి 6400 దాకా పోనిస్తాను. కాస్త గింజగింజగా వచ్చిన ఫోటోని ఇంట్లో సర్దుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోని బాగుచేయడం చాలా కష్టం. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా తనంతట తాను సర్దని ఫైలుగా తీస్తే ఆ నీలం, ఆకుపచ్చ వెలుతుర్ని తర్వాత సరిచేసుకోవడానికి వీలుంటుంది. ఎల్‌ఈడీ లైట్ల కింద సైలెంట్ షట్టర్ వాడితే ఒక్కోసారి ఫోటోలో అడ్డచారలు పడతాయి, మెకానికల్ షట్టర్‌కి మార్చుకుంటే చాలావరకు పోతాయి. ట్రైపాడ్ చాలా చోట్ల అనుమతించరు, అనుమతించినా జనంలో పిల్లలు తట్టుకుని పడతారు. నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుంటే అదే ట్రైపాడ్. లేచేటప్పుడు మావాడు చెయ్యి అందిస్తాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. అక్వేరియం మొత్తం చూసేయాలన్న ఆశ పెద్దవాళ్లకే ఉంటుంది. పిల్లవాడికి ఒక ట్యాంక్ నచ్చితే అక్కడే ఉండిపోతాడు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి, పద పద అని లాగితే వాడికీ విసుగు, మనకీ ఫోటోలు ఉండవు. అందుకని మేం ఒక ఒప్పందానికి వచ్చాం. లోపలికి వెళ్లగానే ఒకసారి అన్నీ చుట్టి వస్తాం, కెమెరా సంచిలోనే ఉంటుంది. ఆ తర్వాత ఆ రోజుకి రెండో మూడో ట్యాంకులు వాడు ఎంచుకుంటాడు. వాటి ముందే కూర్చుంటాం. ఎంచుకునే హక్కు వాడిది. ఇది నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన హక్కు, ఎందుకంటే నేను దాటిపోయే ట్యాంకులే వాడు ఎక్కువగా ఎంచుకుంటాడు.

గార్డెన్ ఈల్స్ అలా దొరికినవే. సన్నటి పొడవాటి చేపలు, ఇసుకలో బొరియ చేసుకుని సగం ఒళ్లు బయట పెట్టి నిలబడతాయి. మనం గబగబా దగ్గరికి వెళ్తే అన్నీ ఒక్కసారిగా లోపలికి దిగిపోతాయి, ఖాళీ ఇసుక మిగులుతుంది. చాలామంది ఆ ఖాళీ ఇసుక చూసి వెళ్లిపోతారు. మావాడు వెళ్లనన్నాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఒకటి తల బయటపెట్టింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత గుంపంతా. అప్పుడు వాడు మెల్లగా, "అమ్మమ్మా, అన్నీ ఒకే వైపు ఎందుకు చూస్తున్నాయి?" అన్నాడు.

నేను అప్పటిదాకా అది గమనించలేదు. నీటి ప్రవాహం ఎటు నుంచి వస్తే అవి అటు మొహం పెడతాయి. కొట్టుకొచ్చే సూక్ష్మజీవులే వాటి తిండి. అంటే నీళ్లు వచ్చే వైపు మేం కూర్చుంటే మొహాలన్నీ మాకే కనిపిస్తాయి. ట్యాంక్ అంచు దాకా నేల మీదే జరుగుతూ వెళ్లాం, లేస్తే మళ్లీ దాక్కుంటాయని. అక్కడి నుంచి కెమెరా ఇసుకకి సమానంగా దించి, ముందున్నదాని కంటి మీద ఫోకస్ పెట్టాను. వెనకవన్నీ మసకగా, అన్నీ మా వైపే చూస్తూ వచ్చాయి. ఎక్కడ కూర్చోవాలో వాడి ప్రశ్నే చెప్పింది.

వీటి గురించి వాడికి నేను చెప్పిన ఒక సంగతి వాడికి చాలా ఇష్టం. 2020లో కరోనా వల్ల టోక్యోలోని సుమిదా అక్వేరియం మూతపడినప్పుడు, జనం కనిపించక అక్కడి గార్డెన్ ఈల్స్ సిబ్బందిని చూసినా ఇసుకలోకి దూరిపోవడం మొదలుపెట్టాయి. ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడటం కష్టమైంది. దాంతో ట్యాంక్ ముందు స్క్రీన్లు పెట్టి, వీడియో కాల్ చేసి వాటికి మొహం చూపించమని, చెయ్యి ఊపమని జనాన్ని కోరారు. మావాడు ఇప్పటికీ ఆ ట్యాంక్ ముందు కూర్చున్నప్పుడు ముందుగా మెల్లగా చెయ్యి ఊపుతాడు.

క్లౌన్‌ఫిష్ దగ్గర వాడి మొదటి ప్రశ్న, "వీటిలో అమ్మ ఏది?" జవాబు సులువు, అన్నిటికన్నా పెద్దది అమ్మ. కానీ కథ అక్కడితో ఆగదు. క్లౌన్‌ఫిష్ అన్నీ మగవిగానే పెరుగుతాయి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ ఆడ చేప చచ్చిపోతే దాని జత మగ చేప ఆడదిగా మారుతుంది, చిన్నవాటిలో పెద్దది దాని స్థానంలోకి వస్తుంది. ఇది విన్నాక వాడు ఆ ట్యాంక్‌లో చేపల్ని పరిమాణం ప్రకారం వరస పెట్టడం మొదలుపెట్టాడు. మేం ఆ పెద్దదాన్నే వెంబడించాం. అది సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) పక్కన ఒక రాయి దగ్గరికే పదే పదే వెళ్తోంది, కొంచెం చిన్నది మాత్రం అక్కణ్నుంచి అసలు కదలడం లేదు. జూమ్ చేసి చూస్తే రాతి మీద నారింజ రంగు గుడ్లు. గుడ్లకి కాపలా కాసేది, రెక్కలతో నీళ్లు విసిరేది ఎక్కువగా మగ చేపే. అనిమోన్‌లో దూరి బయటికి తొంగిచూసే క్లౌన్‌ఫిష్ ఫోటో అందరి దగ్గరా ఉంటుంది. గుడ్ల మీద రెక్క ఆడిస్తున్న తండ్రి చేప ఫోటో నాకు అంతకన్నా ఎక్కువ విలువైనది.

సముద్ర గుర్రాల దగ్గర కూడా తండ్రులదే కథ. ఆడది గుడ్లు మగదాని పొట్ట సంచిలో పెడుతుంది, పిల్లల్ని కనేది మగదే. వాడు ఇంటికెళ్లి వాళ్ల నాన్నకి ఈ సంగతి ఎంత గంభీరంగా చెప్పాడో! తోకతో ఏదో ఒక మొక్కని పట్టుకుని నిలబడతాయి కాబట్టి తీయడం తేలికే అనిపిస్తుంది. కానీ వాటి వీపు రెక్క సెకనుకి 30 సార్లకి పైగా కొట్టుకుంటుంది. రెక్క పొరలు విడివిడిగా కనిపించాలంటే షట్టర్ 1000వ వంతు దాకా పెంచాలి, అంత వెలుతురు అక్కడ ఉండదు. అందుకని నేను దానికి ఎదురెళ్లను. 60వ వంతు దగ్గర ఉంచి, ఒళ్లు స్పష్టంగా, రెక్క పొగమంచులా వచ్చేటట్టు తీస్తాను. కళ్లు రెండూ వేర్వేరు దిక్కులకి తిరగగలవు. ఒక కన్ను మన వైపు, రెండోది పక్కకి ఉన్న క్షణం కోసం మావాడు కాచుకుంటాడు.

జెల్లీఫిష్‌ల గది మా ఇద్దరికీ అన్నిటికన్నా ఇష్టమైన చోటు. చీకటి గది, ట్యాంక్‌లో మాత్రమే వెలుతురు. కెమెరా ఆ చీకటి చూసి ఫోటోని మరీ తెల్లగా చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించాలి, అప్పుడే గొడుగులోని సన్నటి గీతలు నిలుస్తాయి. ఆటో ఫోకస్ ఆ పారదర్శకమైన ఒంటిని పట్టుకోలేక అటూ ఇటూ తిరుగుతుంది. గొడుగు అంచు మీద పెట్టాలి, లేదంటే చేత్తో తిప్పుకోవాలి. ట్యాంక్ గుండ్రంగా ఎందుకుందో కూడా వాడే అడిగాడు. మూలలుంటే అవి అక్కడ ఇరుక్కుని చిరిగిపోతాయి. క్రైసెల్ అని పిలిచే ఈ ట్యాంకుల్లో నీళ్లు వలయంగా తిరుగుతూ వాటిని మధ్యలో తేలేటట్టు చూస్తాయి. ఆ ప్రవాహం ఎటు తిరుగుతోందో ఒకసారి గుర్తిస్తే, జెల్లీ తర్వాత ఎక్కడికి వస్తుందో ముందే తెలుస్తుంది, అక్కడ ఫోకస్ పెట్టుకుని ఉండొచ్చు.

మూన్ జెల్లీ గొడుగు మీద నాలుగు గుర్రపు నాడాల ఆకారాలు ఉంటాయి. మావాడు అవి కళ్లనుకున్నాడు. అవి దాని సంతాన గ్రంథులు. మరి కళ్లెక్కడ? మనలాంటి కళ్లు లేవు, మెదడు లేదు, గుండె లేదు, రక్తం లేదు, ఒళ్లంతా దాదాపు 95 శాతం నీళ్లే. "మరి ఎటు పోవాలో దానికెలా తెలుస్తుంది?" అన్నాడు. గొడుగు అంచు చుట్టూ ఎనిమిది చోట్ల చిన్న చిన్న నొక్కులు ఉంటాయి, వాటిలోని అవయవాలు వెలుతుర్నీ, పైకీ కిందకీ తేడానీ పసిగడతాయి. ఆ నొక్కులు వాడికి చూపించాలంటే పెద్ద ఫోటో కావాలి. ఆ ఫోటో కోసం మేం పడ్డ శ్రమ నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది.

జెల్లీ ఈదడానికి ఒక లయ ఉంటుంది. ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది, కాసేపు తేలుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్న క్షణంలో గొడుగు అంచు తిన్నగా సాగి నొక్కులు బయటపడతాయి. వ్యూఫైండర్‌లోంచి చూస్తూ ఆ క్షణాన్ని పట్టుకోవడం నాకు కష్టంగా ఉంది. అప్పుడు వాడు నా పక్కన నిలబడి, మామూలు కళ్లతో చూస్తూ, "ముడుచుకుంది... విచ్చుకుంటోంది... ఇప్పుడు!" అని చెప్పడం మొదలుపెట్టాడు. వాడి "ఇప్పుడు"తో నా వేలు పడింది. ఆ ఫోటోలో ఎనిమిదింటిలో ఆరు నొక్కులు లెక్కపెట్టగలిగాం, మిగతా రెండూ వెనక వైపు ఉన్నాయి. తినిపించిన తర్వాత వెళ్తే మూన్ జెల్లీ పొట్టలో నారింజ రంగు కనిపిస్తుంది. అది జెల్లీ తిన్న చిన్న రొయ్య పిల్లల రంగు. ఇప్పుడు ఆ రంగు చూడగానే "ఇది అన్నం తినేసింది" అంటాడు.

కాసియోపియా అని ఇంకో జెల్లీ ఉంది, అది తలకిందులుగా నేల మీద పడుకుని ఉంటుంది. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలకి (నాచు లాంటివి) ఎండ కావాలి, అవి తయారుచేసే ఆహారం దీనికి కావాలి. పైనుంచి తీయగలిగే తక్కువ లోతు తొట్టి అయితేనే దీని ఫోటో బాగుంటుంది.

సొరచేపల సొరంగం గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను కొంచెమే చెబుతాను. వంపు తిరిగిన అక్రిలిక్ కింద నిలబడి పక్కకి తీస్తే అన్నీ సాగిపోతాయి, నెత్తి మీదకి వచ్చేదాకా ఆగి నిట్టనిలువుగా పైకి తీయాలి. శాండ్ టైగర్ సొరచేప అప్పుడప్పుడు నీటి పైకి వెళ్లి గాలి మింగుతుంది, ఆ గాలి పొట్టలో ఉంచుకుని నీళ్లలో కదలకుండా తేలగలుగుతుంది. అలా తేలుతున్నప్పుడు పళ్లన్నీ బయటికి కనిపిస్తూ తాపీగా ఫోటోకి దొరుకుతుంది. టేకు చేప, అదే స్టింగ్‌రే, గాజు వెంట పైకి పాకుతున్నట్టు ఈదేటప్పుడు దాని అడుగు భాగం కనిపిస్తుంది. నవ్వుతున్న మొహంలా ఉంటుంది. ఆ కళ్లలా కనిపించేవి ముక్కు రంధ్రాలు, అసలు కళ్లు పై వైపున ఉన్నాయి. ఈ రెండు వైపులా ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

పాములా ఉండే మోరే ఈల్ చేప అంటే వాడికి మొదట్లో భయం. నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది కదా, కరవడానికి వస్తోందనుకునేవాడు. అది ఊపిరి పీల్చుకోవడమే, మొప్పల మీదుగా నీళ్లు పోవాలంటే అలా నోరు ఆడించాలి అని చెప్పాను. కాసేపు తను కూడా దానితో పాటు నోరు తెరిచి మూసి చూశాడు. ఆ తర్వాత వాడి పాత ఫోన్‌తో దాని ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.

అవును, వాడికీ ఒక కెమెరా ఉంది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత ఫోన్‌లో సిమ్ తీసేసి, మెడలో వేసుకునే తాడు కట్టి ఇచ్చాను. వాడి ఎత్తు నుంచి చూసే లోకం వేరు. నేను పై నుంచి చూసే రొయ్య మీసాలు వాడి ఫోటోల్లో ఆకాశంలోకి లేచి ఉంటాయి. గాజు మీద పాకే స్టార్‌ఫిష్ అడుగు భాగాన్ని నాకన్నా ముందు వాడే తీశాడు, వందల కొద్దీ ట్యూబ్ కాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ట్యాంక్ లోపల గాజు తుడుస్తున్న డైవర్‌ని కూడా తీశాడు. ఆయన వీడిని చూసి చెయ్యి ఊపాడు. ఆ ఫోటోని వాడు సముద్ర జీవుల జాబితాలోనే పెట్టాడు.

ఆక్టోపస్ మాత్రం మమ్మల్ని చాలా ఎదురుచూసేటట్టు చేసింది. దాని ట్యాంక్ ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, రాళ్ల సందులో దూరి రాతి రంగులోనే ఉంటుంది. సిబ్బందిలో ఒకమ్మాయిని మావాడు ధైర్యంగా వెళ్లి అడిగాడు, ఇది ఎప్పుడు అన్నం తింటుందని. ఆమె చాలా ప్రేమగా సమయం చెప్పింది. ఆ వేళకి వెళ్లి కూర్చున్నాం. తిండి పడగానే ఒక చెయ్యి బయటికి వచ్చింది, తర్వాత మిగతావి, చివరికి ఒళ్లంతా గాజు మీదకి వచ్చి పరుచుకుంది. చేతుల మీద అతుక్కోవడానికి ఉండే ఒక్కో చూషకం గుండ్రంగా, స్పష్టంగా మా ముందు ఉంది. చూషకాలతో అది ముట్టుకోవడమే కాదు, రుచి కూడా చూస్తుంది. దాని నాడీ కణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. మూడు గుండెలు, నీలం రక్తం. ఇవన్నీ వాడికి ముందే తెలుసు, నాకే గుర్తు చేశాడు.

అక్కడ మేం కనిపెట్టిన సంగతి దాని కనుపాప. అడ్డంగా, సన్నటి గీతలా ఉంటుంది. ఆక్టోపస్ ఎటు ఒరిగినా, తలకిందులైనా ఆ గీత మాత్రం నేలకి సమాంతరంగానే ఉండిపోతుంది. మావాడు తల అటూ ఇటూ వంచి సరిచూసి, "నిజమే అమ్మమ్మా!" అన్నాడు. దాని ఒళ్లు పక్కకి తిరిగినప్పుడు ఒకటి, నిలువుగా ఉన్నప్పుడు ఒకటి తీశాను. రెండిట్లోనూ కనుపాప అడ్డంగానే ఉంది. కెమెరాలో ఇవి చూసుకున్నప్పుడు మా ఇద్దరికీ కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. రంగులు మార్చడంలో దానంతటిది లేదు, అయినా చాలా ఆక్టోపస్‌లకి రంగులు వేరుచేసి చూసే శక్తి లేదని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ ముక్క విన్నాక వాడు దాన్ని ఇంకా ఎక్కువ గౌరవంగా చూశాడు.

మనుషుల ఫోటోల గురించి ఒక మాట. ట్యాంక్ ముందు పిల్లవాణ్ని నిలబెట్టి మా వైపు చూసి నవ్వు అనడం నాకు ఇష్టం ఉండదు. వాడు చేపని చూస్తుంటే వెనక నుంచి తీస్తాను. వెలుతురు లెక్క ట్యాంక్‌కి సరిపడా పెట్టుకుంటే వాడు నల్లటి ఆకారంగా వస్తాడు, ఎదురుగా నీలపు నీళ్లు. మొహం కనిపించకపోయినా మెడ ఎత్తిన తీరులోనే వాడు తెలిసిపోతాడు.

ఇంటికొచ్చాక చేసే పని కూడా తక్కువేం కాదు. ఒక అలవాటు చాలా మేలు చేసింది: ప్రతి ట్యాంక్ దగ్గర ముందుగా దాని పేరు బోర్డుని ఫోటో తీయాలి. లేకపోతే నెల తర్వాత అది ఏ చేపో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్‌లో ముందు రంగులు సరిచేస్తాను. నీళ్లలో ఎరుపు అన్నిటికన్నా ముందు తగ్గిపోతుంది, పైగా ట్యాంక్ లైట్లు నీలంగా ఉంటాయి. వైట్ బ్యాలెన్స్‌ని వెచ్చటి వైపు జరిపితే కొంత తిరిగొస్తుంది. అయితే జెల్లీఫిష్‌లకి నీలం అలాగే వదిలేస్తాను. తర్వాత నీళ్లలో తేలే తెల్ల చుక్కల్ని తుడుస్తాను. ఆ తర్వాతే మావాడు వచ్చి కూర్చుంటాడు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఇద్దరం కలిసి తేలుస్తాం. మా లెక్కలు ఒకటి కావు. నేను కన్ను స్పష్టంగా ఉందా అని చూస్తాను, అది ఏం చేస్తోందో తెలుస్తోందా అని వాడు చూస్తాడు. మసకగా వచ్చిన మోరే ఈల్‌ని తీసేద్దామంటే "అది ఊపిరి పీలుస్తున్నప్పుడు తీశాను" అన్నాడు. ఉంచేశాం. ఉంచినవాటికి కింద రెండు వాక్యాలు వాడు చెబుతాడు, నేను టైప్ చేస్తాను. నేనొక్క మాట కూడా దిద్దను.

నీళ్లలో ఫోటోలు తొలి రోజుల్లో ఎలా తీసేవారో కూడా వాడికి కావాలి. ఫ్రాన్స్‌లో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రవేత్త 1893లో కెమెరాని నీళ్లలోకి దింపాడని, అప్పట్లో ఒక్కో ఫోటోకి నిమిషాల తరబడి ఆగాల్సి వచ్చేదని చెప్పాను. "చేపలు అంతసేపు కదలకుండా ఉన్నాయా?" అని వాడి సందేహం. అందుకే మొదట రాళ్లూ మొక్కలూ బాగా వచ్చుంటాయని ఇద్దరం అనుకున్నాం.

ఇంకా మాకు దొరకనివి ఉన్నాయి. వాడి జాబితాలో ఇప్పుడు మొదటిది ఆక్టోపస్‌కి చుట్టమైన కట్ల్‌ఫిష్ కన్ను. దాని కనుపాప వెలుతురులో డబ్ల్యూ అక్షరంలా ముడుచుకుంటుంది, చీకట్లో విచ్చుకుని గుండ్రంగా అయిపోతుంది. కాబట్టి మసక గదిలోని ట్యాంక్ పనికిరాదు, పైనుంచి లైటు బాగా పడే ట్యాంక్ కావాలి, అది గాజుకి దగ్గరగా రావాలి, పక్కకి తిరిగి ఉండాలి. ఈసారి వెళ్లినప్పుడు జనం తక్కువుండే ఉదయం వేళకే వెళ్దామని, ముందు దాని తిండి సమయం కనుక్కుందామని అనుకున్నాం. అడిగే పని మళ్లీ వాడిదే.